షోకు కాదు, షౌఖ్

ఉర్దూలో షౌఖ్ అంటే మక్కువ. ఆ మాటే తెలుగులో షోకుగా మారి పైమెరుగుల అర్థం సంతరించుకున్నది. నాలుగు చక్రాల పలకపై ఆడే స్కేట్‌బోర్డును పెద్దలు షోకు అంటారు. మేము షౌఖ్ అంటాము.

ఇందులో ఫ్రీస్టైల్ అనే శాఖకు మెట్లు, వాలుగోడలు అక్కరలేదు. చదునైన నేల చాలు. ఆటగాడు సంగీతానికి అనుగుణంగా పలకను పాదాలతో తిప్పుతాడు, నిలబెడతాడు, ఎగురవేస్తాడు. 1966లో జన్మించిన అమెరికా వాసి రాడ్నీ మల్లెన్ పదేళ్ల ప్రాయంలో తండ్రిని ఒప్పించి పలక సంపాదించాడు. ఇంటి గరాజు గచ్చుపై ఒంటరిగా సాధన చేశాడు. వాలుగోడలకే పరిమితమైన ఓలీ అనే ఎగురుడును 1980ల తొలినాళ్లలో చదును నేలకు తెచ్చాడు. 1990 ప్రాంతంలో ఫ్రీస్టైల్ పోటీలు దాదాపు అంతరించాయి. ఆయన మక్కువ అంతరించలేదు. యాభై దాటినా పలకను వదలలేదు. టోక్యోలో 2021లో ఒలింపిక్స్‌కెక్కిన వీధి స్కేటింగుకు ఆ ఎగురుడే పునాది. ఫ్రీస్టైల్‌కు మాత్రం అక్కడ చోటు దక్కలేదు!

కప్పు తెచ్చే ఆటకే నిధులివ్వడం న్యాయమా? పతకమే కావాలన్నా, మన హైదరాబాదు వాడైన అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడలలో రోలర్ స్కేటింగులో రెండు కాంస్యాలు సాధించినది నున్నని నేలపైననే. బోగోలు తీరపు ఇసుకలో చక్రం కదలదు. కావున ఆవరణలో ఒక తరగతి గది పాటి సిమెంటు గచ్చు వేయించి, సాయంత్రాలు దానిని విద్యార్థినీ విద్యార్థులకు పోటీల ప్రసక్తి లేకుండా విడిచిపెట్టవలసినదిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము. శిరస్త్రాణాలు మేమే తెచ్చుకుంటాము.