పాత ప్రోగ్రాము, కొత్త యంత్రం

పిల్లలూ! ఒక కంపెనీ ఫోనుకు అలవాటుపడినవాళ్ళు, అది పాతబడ్డాక మళ్ళీ ఆ కంపెనీ ఫోనే కొనటం మీరు చూసేవుంటారు. "వేరేది కొంటే మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. దాచుకున్న ఫోటోలు ఏమవుతాయో!" అంటారు. దీనిలోని కీలకం తెలియాలంటే అరవై యేళ్ళ కిందటి కథ ఒకటి వినాలి.

1960 ప్రాంతంలో కంప్యూటర్లంటే గది నిండా వుండే పెద్ద యంత్రాలు. అమెరికాలో బ్యాంకులూ, బీమా కంపెనీలూ వాటిని నెల అద్దెకు తెచ్చుకునేవి. ఆ వ్యాపారంలో అందరికన్న పెద్దది ఐ.బి.ఎమ్. కంపెనీ. అయితే, దాని యంత్రాలకే ఒకదానితో ఒకదానికి పొత్తు కుదిరేది కాదు. 1401 అనే చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాము 7090 అనే పెద్ద యంత్రం మీద నడవదు. ప్రోగ్రాము అంటే, యంత్రం ఏ పని తరవాత ఏ పని చెయ్యాలో చెప్పే ఆజ్ఞల వరస.

మీరు అయిదో తరగతి పాసై ఆరో తరగతిలో చేరారనుకోండి. కొత్త మాష్టారు, "ఇక్కడ అక్షరాలు వేరు. మళ్ళీ ఓనమాలు దిద్దండి," అంటే ఎలా వుంటుంది? పని పెరిగి పెద్ద యంత్రం తెచ్చుకున్నవాళ్ళ గతి సరిగా అలాగే వుండేది.

ఈ ఇబ్బందిని పోటీదారులు కనిపెట్టారు. 1963 డిసెంబరులో హనీవెల్ కంపెనీ 200 అనే యంత్రాన్ని ప్రకటించింది. 1401 ప్రోగ్రాములను ఆ యంత్రానికి తగినట్టు మార్చే సాధనం కూడా ఇచ్చి, దానికి "లిబరేటర్", అంటే విమోచకుడు, అని పేరు పెట్టింది! రాసుకున్న ప్రోగ్రాము దండగ కాదంటే, కంపెనీ మారటానికి భయమెందుకు?

1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎమ్. "సిస్టం 360" పేరుతో ఒకేసారి ఆరు రకాల యంత్రాలను ప్రకటించింది. వృత్తంలోని 360 డిగ్రీలలాగా, అన్నివైపుల పనులకూ పనికివస్తాయని ఆ పేరు. వాటి లోపలి నిర్మాణం వేరైనా, ఆజ్ఞల భాష ఒక్కటే. చిన్నదానిలో మొదలుపెట్టి, పని పెరిగినప్పుడు పెద్దదానికి మారవచ్చు. కొన్నిటిమీద పాత 1401 ప్రోగ్రాములు కూడా నడిచే ఏర్పాటు చేశారు. ఇందుకు అయిన ఖర్చు సుమారు 500 కోట్ల డాలర్లు! కంపెనీ అధిపతి థామస్ వాట్సన్ జూనియర్‌కు ఇది పెద్ద జూదమే. యంత్రాలను నడిపించే ముఖ్యమైన ప్రోగ్రాము గడువుకు తయారుకాక నానా యాతనా పడ్డారు. అయినా చివరకు జూదం ఫలించింది.

ఆ యంత్రాలు 8 బిట్లను ఒక బైట్‌గా లెక్కించాయి. కాలక్రమాన ఆ లెక్కే లోకమంతటికీ అలవాటయింది. మీ ఫోనులో కూడా అదే లెక్క. అందులో "అ" అని రాస్తే, సాధారణంగా వాడే పద్ధతిలో అది 3 బైట్ల చోటు తీసుకుంటుంది.

కథ అంతటితో ఆగలేదు. సిస్టం 360ని రూపొందించిన ముఖ్యులలో ఒకడైన జీన్ ఆమ్‌డాల్ 1970లో కంపెనీ వదిలి, స్వంత కంపెనీ పెట్టాడు. 1975లో, అవే ప్రోగ్రాములను నడిపే యంత్రాన్ని తానే తయారుచేసి అమ్మాడు. ఏ ఏర్పాటు ఖాతాదారులను ఐ.బి.ఎమ్. దగ్గర నిలబెట్టిందో, దాని మూలానే వాళ్ళు బయటికి పోవటానికి కూడా దారి దొరికింది!

మేత బాగున్న ఇంటికి ఆవు సాయంత్రం తనంతట తనే వస్తుంది. గుంజకు కట్టిన ఆవు కూడా ఆ ఇంట్లోనే వుంటుంది. చూడటానికి రెండూ ఒకటే, కాని ఒకటి కావు. ఈసారి మీ ఇంట్లో కొత్త ఫోను మాట వచ్చినప్పుడు నాన్నగారినో, అమ్మనో ఇలా అడగండి: "మన ఫోటోలూ, రాతలూ వేరే కంపెనీ ఫోనులోకి సులువుగా తీసుకుపోగలమా?"