షెడ్డు కట్టాలి... ఎక్కడ?

మదీనాగూడలో మాది 300 గజాల పాత ఇల్లు. పక్కన ఎనిమిది అడుగుల ఖాళీ. కారు కొన్నా కదా, అక్కడ విడిగా షెడ్డు వేయిద్దామని మేస్త్రీని పిలిచా. టేపు కూడా తీయకుండానే తేల్చేశాడు: "కాంపౌండ్ గోడ మీదికి రేకులు దింపేద్దాం సార్. ఎవరడుగుతారు?"

2012 నాటి జీవో 168 అడుగుతుంది. మాలాంటి స్థలంలో పక్కన సెట్‌బ్యాక్ వదలాల్సిందే. అది తీసేస్తే మిగిలిన దాంట్లో కారు పట్టదు. 2020లో వచ్చిన టీఎస్‌-బీపాస్ చట్టం 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి తెచ్చింది. అంటే మన కోడ్ మనమే రివ్యూ చేసుకుని ప్రొడక్షన్‌లోకి పంపేయడం! అబద్ధం రాశామని తేలితే మాత్రం నోటీసు లేకుండానే కూల్చేయొచ్చని ఆ చట్టంలో రాశారు.

నిజం చెప్పాలంటే, నన్ను ఆపింది చట్టం కాదు, పక్కింటి ఆంటీ. "మా వంటింటికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే కదా బాబూ" అన్నారు, గోడ అవతల నిలబడి. గొడవ పడలేదు. అందుకే ఇంకేం అనలేకపోయా.

ఇప్పుడు కారు గేటు లోపలే, కవర్ కప్పుకుని ఉంటోంది. ఈఎంఐ నాది, ఎండ దానిది. వెలుతురు మాత్రం వాళ్లది.