వేప నీడలో నెలవంకలు

2019 డిసెంబరు 26. హైదరాబాద్‌లో చలి ఇంకా వదలని పొద్దు. ఎనిమిది దాటాక సూర్యుడికి గ్రహణం పట్టింది. వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. పాల ప్యాకెట్లు గుమ్మాల ముందే ఉండిపోయాయి. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎండ రంగు మారింది. మబ్బు కమ్మినట్టు కాదు, లాంతరు వత్తి తగ్గించినట్టు. తల దించి చూస్తే వేపచెట్టు కింద సిమెంటు గచ్చు మీద వందల కొద్దీ నెలవంకలు! కొమ్మ ఊగితే అవన్నీ కలిసి ఊగాయి. ఆకుల మధ్య ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరాగా మారి సూర్యుడి బొమ్మను నేల మీద వేస్తోంది. మామూలు రోజుల్లోనూ వేస్తూనే ఉంటుంది. చెట్టు కింద రోజూ మనం తొక్కుకుంటూ పోయే గుండ్రటి వెలుగు మచ్చలు సూర్యుడి బొమ్మలే. ఆ సంగతి తెలిసేది మాత్రం ఆయన గుండ్రంగా లేని రోజునే.

గ్రహణాన్ని బొమ్మగా పట్టుకోవాలన్న తపన పాతది. 1851 జులై 28న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో బెర్కోవ్‌స్కీ అనే ఫొటోగ్రాఫరు వెండిపూత రేకు మీద 84 సెకన్ల పాటు వెలుగు పడనిచ్చి, సంపూర్ణ సూర్యగ్రహణాన్ని తొలిసారి చక్కగా ఫొటో తీశాడు. పదిహేడేళ్ళు తిరిగేసరికి ఆ వేట మన గుంటూరుకే వచ్చింది. 1868 ఆగస్టు 18న మేజర్ టెన్నంట్ బృందం అక్కడ దుర్భిణీకి కెమెరా బిగించి కాచుకుని కూర్చుంది. అప్పటి ఫొటో అంటే మీట నొక్కితే వచ్చేది కాదు. గాజుపలకకు కొలోడియన్ పూయాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే ఫొటో తీయాలి, ఆరకముందే కడగాలి. ఆగస్టు ఉక్కలో, అయిదు నిమిషాలకు పైగా సాగిన ఆ పట్టపగటి రాత్రిలో, వాళ్ళ చేతికి దక్కినవి ఆరు ఫొటోలు. సూర్యుడి అంచు నుంచి కొమ్ములా లేచిన పెద్ద జ్వాల వాటిలో కనిపించింది.

అదే ఊళ్ళో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటమాపకంతో ఆ జ్వాలలను చూశాడు. వర్ణపటంలో వాటి గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వీటిని చూడొచ్చని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున్నే చూశాడు, కనిపించాయి! మచిలీపట్నంలో ఖగోళవేత్త పోగ్సన్, వనపర్తిలో మద్రాసు వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి అదే గ్రహణం కోసం కళ్ళు ఆకాశానికి అప్పగించారు. ఆనాటి వర్ణపటంలోని పసుపు గీత గురించిన ఆరాలోంచే హీలియం అనే పేరు పుట్టింది. ఆ వాయువు భూమ్మీద చేతికి చిక్కింది 1895లో. గుంటూరు పేరు చెబితే మిరపకాయ గుర్తొచ్చే మనకు, ఇదీ గుర్తు రావాలి. బడి పిల్లలకు ఈ కథ ఊరి కథగా చెప్పాలి.

అంత చరిత్ర ఉన్న నేల మీదే, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మళ్ళీ వచ్చినప్పుడు మనం తలుపులు బిడాయించుకున్నాం. హైదరాబాద్‌కు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో ఉంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక అక్కడ రెండు నిమిషాల పాటు చీకటి పడింది. శాస్త్రవేత్తలు పరికరాలతో నిలబడ్డారు. ఊళ్ళు మాత్రం ఇళ్ళలో ఉన్నాయి. జనం బయటికి రాకుండా ఉండేందుకు దూరదర్శన్ ఆ మధ్యాహ్నం హిందీ సినిమా వేసింది. కళ్ళు పాడవుతాయన్న భయం నిజమైనదే. అయినా కిటికీ తెర తీస్తే చూడగలిగిన నక్షత్రాలను ఒక తరం మొత్తం పోగొట్టుకుంది. ఇది తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఆచారాల మీద కోపం లేదు. పట్టుస్నానం, విడుపుస్నానం చేసేవారు చేస్తారు, ఆవకాయ జాడీ మీద దర్భపోచ వేసేవారు వేస్తారు. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణం పట్టిందో విడిచిందో చెప్పే అవ్వలు ఉన్నారు. ఆ అవ్వకూ చూడాలనే ఉంది. ఆకాశం వైపు చూడొద్దన్నారు గనుక రోకలిని అడిగింది. ఒప్పుకోలేనిది ఒక్కటే: గర్భిణిని, పసివాళ్ళను నీడ పేరుతో గదిలో పెట్టి తలుపు వేయడం. ఆ నీడ వాళ్ళనేమీ చేయదు.

చేసేది ఎండ, అదీ కళ్ళను. రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్నా కన్ను చెప్పదు. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్ళద్దాలు, పళ్ళెంలో పసుపు నీళ్ళ ప్రతిబింబం, ఇవేవీ కాపాడవు. గ్రహణం కోసమే తయారైన కళ్ళద్దాలు కావాలి. కెమెరాకైతే లెన్సు ముందు సోలార్ ఫిల్టరు ఉండాలి. కళ్ళద్దాలు పెట్టుకున్నాం కదా అని ఫిల్టరు లేని దుర్భిణీలోంచి చూడటం అన్నిటికన్నా ప్రమాదం. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేసిన ఆ కొద్ది నిమిషాలే వట్టి కంటితో చూడదగినవి.

ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉంది. 2024 ఏప్రిల్ 8న డాలస్ మీదుగా నీడ సాగినప్పుడు అక్కడి మన వాళ్ళ ఫొటోలు నిమిషాల్లో ఇక్కడి ఫోన్లకు చేరాయి. సంతోషమే. కానీ సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి చుట్టూ కనిపించే కరోనా అనే వెలుగు వలయంలో, లోపలి వెలుగుకూ బయటి పోగుల వెలుగుకూ వెయ్యి రెట్లకు మించిన తేడా ఉంటుంది. ఒక్క ఫొటోలో అదంతా పట్టదు. పత్రికల్లో మనం మురిసిపోయే చిత్రాలు చాలావరకు ఎన్నో ఫొటోలను కలిపి కూర్చినవే. కన్ను ఆ పనిని ఏ కూర్పూ లేకుండా చేస్తుంది. పక్షులు గూళ్ళకు మళ్ళడం, పడమర నుంచి చీకటి పరుగెత్తుకు రావడం, పక్కనున్నవాళ్ళు ఒక్కసారిగా మౌనం వహించడం ఏ లెన్సులోకీ రావు. కాబట్టి ఒక ఫొటో తీసి ఫోను జేబులో వేసుకోవడం మేలు. చీకటి కొద్ది నిమిషాలే.

భారతదేశంలో తర్వాతి సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, కశ్మీర్, లద్దాఖ్‌ల మీదుగా. అంతకు ముందే, 2027 ఆగస్టు 2 సోమవారం సాయంత్రం, బడులు వదిలే వేళకు, తెలుగు నేల మీద పాక్షిక గ్రహణం కనిపిస్తుంది. సూర్యుడి మీద చిన్న గాటే. మబ్బు అడ్డు రాకుంటే వంటింట్లోంచి బూందీ గరిటె తెచ్చి ఎండకు పట్టండి. ఒక్కో చిల్లూ తెల్ల గోడ మీద ఒక్కో కొరికిన సూర్యుణ్ణి వేస్తుంది. ఫొటో ఆ గోడకు తీయండి. గరిటె మాత్రం పిల్లల చేతికివ్వండి.