మోతీ సింగపూరు వెళ్ళవచ్చునా?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తాడేపల్లిగూడెం నించి ఒక అమ్మాయి రాసినది ఒకటి ఉన్నది. వాళ్ళ నాన్నగారికి సింగపూరులో ఉద్యోగం అయిందట. మూడేళ్ళ ఒప్పందం. వేసవి సెలవులు ఇవ్వగానే ఇంటిల్లిపాదీ ప్రయాణం. ఇంట్లో మోతీ అనే కుక్క ఉన్నది. ఆకివీడు దగ్గిర తాతగారి చేపల చెరువు గట్టుమీద పుట్టిన ఊరకుక్క అది. "మోతీని మాతో తీసుకుపోవచ్చునా? ఇక్కడే వదిలిపెడితే అది బెంగ పెట్టుకోదూ?" అని ఆ అమ్మాయి అడిగింది.

మనవాళ్ళు ఆ వైపు దేశాలకు పోవటం కొత్త కాదు. వెనకటి రోజుల్లో కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి వేలకొద్దీ జనం రంగూను పోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళను "కోరంగీలు" అనేవారు. వాళ్ళలో చాలామంది కూలిపనికి ఒంటరిగా పోయినవాళ్ళు. ఇప్పుడు పిల్లా పాపలతో సహా సింగపూరు, కౌలాలంపూరు, బాంగ్‌కాక్ పోతున్నారు. పిల్లలు వెళ్ళేచోట వాళ్ళ కుక్క మాటా వస్తుంది గదా! అందుకే ఈ జవాబు అందరికీ చెబుతున్నాను.

ముందు సింగపూరు ఎలాటిదో చూద్దాం. మన కొల్లేటి మధ్య లంక గ్రామాలున్నవి. పెద్దింట్లమ్మవారి గుడి ఉన్న కొల్లేటికోట వంటి ఊళ్ళకు పూర్వం పడవమీదనే పోవలసి వచ్చేది. చుట్టూ నీళ్ళుండే ఊరికి ఒక సౌకర్యం ఉన్నది. రేవులో ఒక మనిషి కూర్చుంటే, ఊళ్ళోకి ఎవరు వచ్చారో, ఏం తెచ్చారో చెప్పగలడు. సింగపూరు కూడా అలాటి లంకే. కాని అది పెద్ద లంక. దాని విస్తీర్ణం సుమారు 730 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు గనక, దానికి రెండింతలకు కొంచెం పైన అన్నమాట. అంత చోటులో 60 లక్షలమంది ఉంటున్నారు. మలేషియా వైపు రెండు వంతెన దారులున్నా, వాటికీ కాపలా ఉన్నది.

ఆ కాపలావాళ్ళు ముఖ్యంగా భయపడేది రేబిస్‌కు. పిచ్చికుక్క కరిస్తే వచ్చే జబ్బు అదే. 1953 నించి సింగపూరులో ఆ జబ్బు లేదు. మన దేశంలో కూడా అండమాన్, లక్షద్వీపాలలో అది లేదు. అవీ ద్వీపాలేనని గమనించారా? తక్కిన దేశంలో మాత్రం అది ఉన్నది. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. నూటికి తొంభైతొమ్మిది మందికి అది కుక్కల వల్లనే వస్తున్నది.

ఈ జబ్బు చాలా చిత్రమైనది. జబ్బు కుక్క కరిచినప్పుడు దాని చొంగలోని వైరస్ గాయంలోకి పోతుంది. అది రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకదు. నరాన్ని పట్టుకుని, తాడు పట్టుకుని చెట్టెక్కినట్టు, మెల్లిగా మెదడుకేసి పోతుంది. అందుకు సాధారణంగా కొన్ని వారాలు, కొన్ని నెలలు కూడా పట్టవచ్చు. ఆ కాలమంతా కుక్క మామూలుగానే తింటుంది, తోక ఊపుతుంది. చూసినవాళ్ళకు ఏమీ తెలియదు. మెదడు చేరిన తరవాత వైరస్ చొంగ ఊరే గ్రంథుల్లోకి దిగుతుంది. అప్పుడే కుక్క పిచ్చిగా కరవటం మొదలుపెడుతుంది. ఆ లక్షణాలు బయటపడిన తరవాత కుక్కగాని, మనిషిగాని బతకటం దాదాపు లేదు.

కనకనే మోతీ పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా సింగపూరు రేవులో ఆ మాట చెల్లదు. మోతీకి ముందుగా టీకాలు వేయించాలి. మెడ దగ్గిర చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టించాలి. ఆ చిప్పులో ఉండే అంకెను బట్టి అది మోతీయే అని గుర్తిస్తారు. తరవాత కొన్ని వారాలు ఆగి, టీకా పనిచేసిందా లేదా అని రక్తం పరీక్ష చేయించాలి. అక్కడి ప్రభుత్వం అనుమతి పొందాలి. అక్కడ దిగిన తరవాత విడిగా ఉంచే చోట కొన్నాళ్ళు ఉండాలి. దీనికంతటికీ నెలల ముందే సిద్ధపడాలి. ఖర్చూ ఎక్కువే. వేసవి సెలవులకు వారం ముందు జ్ఞాపకం వస్తే లాభం లేదు.

ఇదంతా దాటినా, ఇంటి సంగతి ఉన్నది. సింగపూరులో కాపురముండే పదిమందిలో సుమారు ఎనిమిదిమంది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో ఉంటారు. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ వాటిని కట్టింది. ఆ ఫ్లాట్లలో ఇంటికి ఒక్క కుక్కనే ఉంచుకోవాలి. అది కూడా వాళ్ళ పట్టికలో ఉన్న చిన్న జాతి కుక్క కావాలి. దానికి లైసెన్సు కూడా కావాలి. (పిల్లుల సంగతి ఇంకా విచిత్రం. 2024 సెప్టెంబరు దాకా ఆ ఫ్లాట్లలో పిల్లిని అసలు ఉంచుకోరాదు. ఇప్పుడు రెండు ఉంచుకోవచ్చు.) అక్కడి వీధికుక్కలను పెంచుకోవటానికి 2012లో ఒక పథకం పెట్టారు. అది జంతు సంక్షేమ సంఘాలు చేరదీసిన కుక్కలకే గాని, మన ఆకివీడు మోతీకి వర్తించదు. ప్రైవేటు ఇళ్ళలో ఈ జాతి పట్టిక బాధ లేదు. కాని వాటి అద్దె ఎక్కువ.

ఊరకుక్క పట్టికలో లేదంటే అది తక్కువదని అనుకోకండి. 1998లో థాయిలాండు రాజు భూమిబల్ ఒక వీధికుక్క పిల్లను తెచ్చుకుని పెంచాడు. దాని పేరు తోంగ్‌దేంగ్, అంటే రాగి. రాజుగారు దాన్ని గురించి పుస్తకమే రాశాడు. 2002లో అచ్చయిన ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. మన గ్రామసింహానికి కూడా తెలివికేం తక్కువ లేదు. ఫ్లాటుల పట్టిక కుక్క గొప్పతనాన్ని చూసి రాసినది కాదు. కుక్క సైజు చూసి, పక్కవాళ్ళ సౌకర్యం చూసి రాసినది.

పక్కవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పదో అంతస్తులో కుక్క మొరిగితే తొమ్మిదో అంతస్తులో పసిపిల్ల లేస్తుంది. అక్కడ మన పక్కింట్లో మలయా ముస్లిములు ఉండవచ్చు. కుక్క చొంగ తగిలితే శుద్ధి చేసుకోవాలనే ఆచారం వాళ్ళలో చాలామందికి ఉన్నది. మన ఇంట్లో మామ్మగారు మడికట్టుకుంటే మనం దూరంగా ఉండమూ? అలాగే లిఫ్టులో ఎవరైనా ఉంటే, "కుక్కతో రావచ్చునా?" అని అడగాలి. కాదంటే మళ్ళీ లిఫ్టు వచ్చేదాకా ఆగాలి. కుక్క దొడ్డికి కూర్చున్న చోట మనమే శుభ్రం చెయ్యాలి. చెయ్యకపోతే జరిమానా.

మరి మోతీ మాటేమిటి? గట్టుమీద పుట్టి, నీటికాకుల్ని తరిమి, తూముల దగ్గిర తాబేళ్ళను చూసి మొరిగిన కుక్క అది. రోజంతా ఒక గదిలో తలుపు మూసుకుని ఉండటం దానికి సుఖమా? కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది. అందుకే నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి తగ్గించుకుంటుంది. సింగపూరు భూమధ్యరేఖకు ఆనుకునే ఉన్నది. అక్కడ మన పుష్యమాసపు చలి ఏనాడూ రాదు. మధ్యాహ్నం కాలిబాట కాలుతుంది. తెల్లవారుజామునా, పొద్దుపోయాకా తప్ప కుక్కను నడిపించరాదు. మీరు బడికీ, అమ్మా నాన్నా ఆఫీసుకీ పోతే ఆ వేళల్లో ఎవరు నడిపిస్తారు?

అన్నిటికన్నా పెద్ద లెక్క ఒకటి ఉన్నది. నాన్నగారి ఒప్పందం 3 ఏళ్ళు. కుక్క ఆయుర్దాయం 12, 14 ఏళ్ళు. 14లోంచి 3 తీసేస్తే 11. ఆ పదకొండేళ్ళ మాట ఎవరిది? సింగపూరు వెళ్ళి అక్కడ కొత్తగా కుక్కపిల్లను కొనుక్కుందామనుకునే పిల్లలు కూడా ఈ లెక్క చెయ్యాలి. ఉద్యోగం అయిపోయి ఇంటికి వచ్చే రోజున దాన్ని తెచ్చుకోవటానికి మళ్ళీ పత్రాలూ, టీకాలూ, విమానం ఖర్చూ ఉంటాయి. అవి పెట్టుకోలేక కుక్కను ఎవరికో అప్పగించి, వాళ్ళు కూడా కాదంటే వదిలేసి వచ్చేవాళ్ళున్నారు. కుక్కకు ఒప్పందం సంగతి తెలియదు. అది తలుపు దగ్గిర కూర్చుని చూస్తూనే ఉంటుంది.

భారతంలో ధర్మరాజు కథ మీకు తెలుసు. వెంట వచ్చిన కుక్కను వదిలేస్తేగాని స్వర్గానికి రానివ్వనని ఇంద్రుడంటే, ఆశ్రయించినదాన్ని వదలను, స్వర్గమే అక్కరలేదన్నాడు ధర్మరాజు. ఆయనకు టీకా పత్రాలూ, ఫ్లాటు నిబంధనలూ అడ్డం రాలేదు. మనకు వస్తున్నవి. అయినా ధర్మం అదే. వెంట తీసుకుపోవటమొక్కటే వదలకపోవటం కాదు. ప్రేమగా చూసుకునేవాళ్ళ చేతిలో పెట్టటం కూడా వదలకపోవటమే.

అందుచేత, అమ్మాయీ, నా సలహా ఇది. మోతీని తాతగారి దగ్గిర ఉంచు. ప్రయాణం రోజున అప్పగించి పరుగెత్తకు. నెలా నెలన్నర ముందు నించే శని ఆదివారాలు దాన్ని ఆకివీడు తీసుకుపోయి, తాతగారి చేత అన్నం పెట్టించు. అది తినే గిన్నె, పడుకునే గోనె పట్టా అక్కడికి చేర్చు. గోనెను ఉతకవద్దు. కుక్క మనుషుల్ని వాసనతో జ్ఞాపకం పెట్టుకుంటుంది. వండిన చేపముళ్ళూ, మాంసం ఎముకలూ వెయ్యవద్దని చెప్పు. అవి గొంతులో గుచ్చుకుంటాయి. పగలల్లా గొలుసుతో కట్టెయ్యవద్దని కూడా చెప్పు. అది కొన్నాళ్ళు బెంగ పెట్టుకుంటుంది, నిజమే. కాని తెలిసిన గట్టూ, తెలిసిన చెయ్యీ ఉంటే కోలుకుంటుంది.

వెళ్ళేలోగా రేబిస్ టీకా మాత్రం వేయించు. ఏటా ఆ తేదీకి వేయించమని తాతగారి కేలెండరులో గుర్తు పెట్టు. కుక్క సింగపూరు పోతేనే టీకా అనుకోవటం తప్పు. ఆ జబ్బు లేని దేశంకన్నా, ఉన్న మన ఊళ్ళోనే దాని అవసరం ఎక్కువ.

తక్కిన పిల్లలు కూడా ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఏ కుక్క కరిచినా, గీరినా దాచకండి. తిడతారని దాచిన పిల్లలు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారు. వెంటనే గాయాన్ని ధారగా పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపూ, కారమూ, సున్నమూ అద్దవద్దు. నాటుమందుకు పోవద్దు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. వైరస్ మెదడుకు పోయేలోగా టీకా పనిచెయ్యాలి, అదే దీనిలో కిటుకు. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే కుర్రవాణ్ణి ఇలాగే కాపాడాడు. ఆ కుర్రవాడు పెద్దవాడై పాశ్చర్ సంస్థకే కాపలాదారు అయినాడు. మన దేశంలో పూర్వం బొడ్డుచుట్టూ 14 ఇంజక్షన్లు ఇచ్చేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. చేతికి నాలుగైదు ఇస్తారు. డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ తప్పకుండా వెళ్ళాలి. గాయం మానిందని మధ్యలో మానకూడదు.

ఈ నెల మీకు ఒక పని. మీ ఇంట్లోనో, వీధిలోనో ఉన్న కుక్కకు ఈ ఏడు టీకా పడిందో లేదో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. పడకపోతే పశువుల ఆస్పత్రికి తీసుకుపొమ్మని వాళ్ళను పోరు పెట్టండి. ఏమయిందో నాకు రాయండి.