జల్లెడలో నిలిచినదెల్ల మందగునా?

మొక్కలయందు ఔషధగుణములు కలవనుట నిర్వివాదము. సింకోనా బెరడునుండియే క్వినైను లభించినది. కావున క్రొత్త వ్యాధి తలయెత్తినపుడు జనుల చూపు చెట్టుచేమలవైపు మరలుట సహజము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి లోకమంతట వ్యాపించినపుడును అట్లే జరిగినది. అయితే ఈ పర్యాయము ఆకులు నూఱుటకు పూర్వమే కంప్యూటరు పనికి పూనుకొన్నది.

కరోనా వైరసు వృద్ధి పొందుటకు ప్రోటియేజు అను ఎంజైము అవసరము. అది పొడవైన ప్రోటీనును కత్తెరవలె తగిన తావులయందు ఖండించును. దానియందొక గుంట కలదు. తగిన పదార్థమేదైన ఆ గుంటలో ఇమిడి నిలిచెనేని కత్తెర పనిచేయదు. వైరసు వృద్ధి ఆగిపోవును. ఆ ఎంజైము ఆకృతిని చైనా శాస్త్రజ్ఞులు 2020 ఆరంభముననే వెల్లడించిరి. వెంటనే పెక్కుమంది పరిశోధకులు పసుపు, తులసి, వేప మున్నగువానియందలి పదార్థముల రూపములను కంప్యూటరులో ఆ గుంటకు అమర్చి చూచిరి. ఏది ఎంత గట్టిగా అంటుకొనగలదో యంత్రము అంకెలలో అంచనా కట్టినది. వేలకొలది పదార్థములను ప్రయోగశాలలో పరీక్షించుటకు దీర్ఘకాలము పట్టును. కంప్యూటరు వానిని శీఘ్రముగ జల్లెడ పట్టగలదు. ఇది గొప్ప మేలే.

కాని ఆ అంకెను చూచి మందు దొరికినదని చాటుట తగదు. యంత్రము చూచినది గుంటలో ఇముడుటను మాత్రమే. మ్రింగిన పదార్థము రక్తములో చేరునా? కాలేయము దానిని విఱిచివేయునా? ఇతరావయవములకు హాని కలుగునా? వీనికి ఆ అంకె సమాధానము చెప్పదు. పసుపులోని కర్క్యుమినునే చూడుడు. ప్రేవులనుండి అది రక్తములోనికి చేరునది అత్యల్పము. చేరినదియు త్వరగా మార్పుచెందిపోవును.

ఇదే పద్ధతి ఓపికతో సాగినచోట ఫలించినది. జపానులోని షియోనోగి సంస్థవారు తమ యొద్దనున్న రసాయనములను కంప్యూటరుచే జల్లెడ పట్టిరి. నిలిచినవానిని ఎంజైముపై పరీక్షించి, వాని నిర్మాణమును సవరించి, జంతువులపైనను పిదప మనుష్యులపైనను ప్రయోగించి చూచిరి. అట్లు వెలసిన ఎన్‌సిట్రెల్విర్ అను మందునకు 2022 నవంబరులో ఆ దేశప్రభుత్వము అత్యవసరానుమతి నొసగినది.

ఇట్లు పరీక్షలు కోరుట పూర్వుల వైద్యమును కించపఱచుట యని కొందఱందురు. అది సరికాదు. చైనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ మలేరియాకు మందు వెదకుచు 4వ శతాబ్దపు వైద్యగ్రంథమును చదివినది. ఆకును నీట నానబెట్టి పిండవలెనని అందుండుటచే, వేడిమి తగ్గించి సారము తీయ నారంభించినది. 1971 అక్టోబరులో 191వ సారము ఎలుకలలోని మలేరియా క్రిములను అణచినది. మరుసటి యేడు ఆమెయు సహచరులును ఆ సారమును ముందుగా తామే సేవించి దాని క్షేమమును పరీక్షించుకొనిరి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. ప్రాచీన గ్రంథమునకు ఇంతకు మించిన గౌరవమేమున్నది?

కంప్యూటరు ఇచ్చు పట్టిక పరిశోధకునకు ఉపయోగపడు ప్రశ్నల జాబితా. రోగికి ఇచ్చు చీటి కాదు. దానినే చికిత్సగా నమ్మిన రోగి వైద్యుని దర్శించుటలో ఆలస్యము చేయును. ఆ ఆలస్యమునకు మూల్యము ప్రాణమే కావచ్చును. కావున అట్టి వార్త చదివినపుడు విద్యార్థి మొదట అడుగవలసినది ఒక్కటే: దీనిని మనుష్యులయందు పరీక్షించిరా?