అడుగు పడ్డాకే అరిసెలు

తెలుగువాళ్ల ఇళ్లలో బిడ్డ ఎదుగుదలకు పిండివంటలతో లెక్క ఉండేది. నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంట మారుతుంది గానీ వరస దాదాపు ఇదే. అడుగుల అరిసెలు ఇప్పటికీ చాలా ఇళ్లలో చేస్తున్నారు. ఉతికిన గుడ్డ పరిచి, అరిసెలు వరసగా పేర్చి, తల్లో అమ్మమ్మో రెండు చేతులూ పట్టుకుని బిడ్డను వాటి మీద నడిపిస్తారు. మెత్తటి పాదం కింద నువ్వులద్దిన అరిసె అంచు విరుగుతుంది. బిడ్డ నడక మాని, వంగి ఆ ముక్క అందుకోబోతుంది. తర్వాత ఇరుగుపొరుగుకు పంచుతారు. ఈ వేడుకల్లో గమనించాల్సిన సంగతి ఒకటుంది. వీటిలో దేనికీ ముహూర్తం లేదు. బారసాలకు ఇరవై ఒకటో రోజు, అన్నప్రాసనకు ఆరో నెల అని లెక్క ఉంది. అవి పెద్దలు చేసే పనులు కాబట్టి పెద్దలే రోజు పెట్టుకున్నారు. బోర్లపడటం, పాకడం, నడవడం బిడ్డ చేసే పనులు. వాటికి రోజు పెట్టడం తమ చేతుల్లో లేదని వాళ్లకు తెలుసు. అందుకే అరిసెల పిండి కొట్టించేది అడుగు పడ్డాకే. ఈ తేడాను మనం మరిచిపోతున్నామని, ఆ భారమంతా మూడేళ్ల పిల్లల వేళ్ల మీద పడుతోందని నా వాదన.

ఆ పెద్దలకు తెలిసిన సంగతినే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిచి చూపించింది. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలను క్రమం తప్పకుండా గమనించి 2006లో ఆ లెక్కలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఒంటరిగా నడవడం 8.2 నెలలకే రావచ్చు, 17.6 నెలలకూ రావచ్చు. ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య తొమ్మిది నెలలకు పైగా తేడా ఉన్నా ఇద్దరికీ ఏ లోపమూ లేదన్నమాట. చేతులు, మోకాళ్ల మీద పాకడమన్న మెట్టే లేకుండా నేరుగా నిలబడి నడిచేసిన పిల్లలు నూటికి నలుగురికి పైగా తేలారు. అయినా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరా, బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ పోలికలు ఆగవు. పక్కింటి బాబు పదో నెలలో నడిచాడంటే చాలు, పదమూడో నెల బిడ్డ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు వాకర్ వస్తుంది. అందులో కూర్చున్న బిడ్డ బొటనవేళ్ల మీద తోసుకుంటూ తిరుగుతుంది. తన బరువు తాను మోయదు, తూలినప్పుడు నిలదొక్కుకోవడం నేర్చుకోదు, కిందికి చూస్తే తన పాదాలే తనకు కనబడవు. నడక తొందరగా రాకపోగా కొంత ఆలస్యమైన దాఖలాలే పరిశోధనల్లో ఉన్నాయి. మెట్ల మీద నుంచి పడి తలలకు దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన పాత మూడు చక్రాల చెక్కబండి తీరు వేరు. బిడ్డ తనంతట తాను లేచి నిలబడితేనే ఆ బండి కదులుతుంది.

నడక విషయంలో చేస్తున్న పొరపాటు ఎలాగో సర్దుకుంటుంది, ఏడాదిన్నరకల్లా దాదాపు అందరూ నడిచేస్తారు. రాత దగ్గర చేస్తున్నది అంత తేలిగ్గా సర్దుకోదు. అక్షరాభ్యాసం పెద్దలు రోజు పెట్టే వేడుకలకూ, బిడ్డను బట్టి చేసే వేడుకలకూ సరిహద్దులో ఉంది. ముహూర్తం పెద్దలది, దిద్దాల్సిన చెయ్యి బిడ్డది. బాసరలో వసంత పంచమి నాడు చూస్తే ఈ సరిహద్దు కంటికి కనిపిస్తుంది. పళ్లెంలో బియ్యం, బియ్యం మీద తండ్రి చెయ్యి, ఆ చేతిలో ఇమిడిపోయిన చిన్న వేలు. ఓనమాలు దిద్దేది నిజానికి తండ్రే, బిడ్డ వేలు వెంట వెళుతుందంతే. ఆ వేడుకను నేను తప్పుపట్టడం లేదు, అది ఆశీర్వాదం. అయిదో ఏట చేయడం పాత ఆనవాయితీ. ఇప్పుడు మూడో ఏటికి తెచ్చుకున్నాం, అందులోనూ పెద్ద ముప్పు లేదు. ముప్పు ఆ మర్నాటి నుంచి. ఆశీర్వాదాన్ని ఆరంభమనుకుని, సోమవారం నుంచి నర్సరీలో పెన్సిల్ పట్టిస్తున్నాం.

మూడేళ్ల బిడ్డ చెయ్యి ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటుంది, లేదా అయిదు వేళ్లతో పైనుంచి పొదివి పట్టుకుంటుంది. గీత భుజం నుంచి వస్తుంది, వేళ్ల నుంచి కాదు. అందుకే కాగితం దాటి బల్ల మీదికి పోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకునే పద్ధతి చాలామందికి నాలుగు, ఆరేళ్ల మధ్య కుదురుతుంది. చూసి గీయడంలోనూ ఒక వరస ఉందని పిల్లల వైద్యులు చెబుతారు. సుమారుగా మూడేళ్లకు సున్న, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఆ తర్వాత చదరం, అయిదేళ్లకు త్రికోణం. ఇప్పుడు మన 'అ'ను చూడండి. లోపలికి తిరిగే చుట్టు, మళ్లీ బయటికి వచ్చే వంపు, చేయి ఎత్తకుండా దిశ మార్చడం. 'ఋ' సంగతి, 'ఝ' సంగతి చెప్పనే అక్కర్లేదు. సున్న చుట్టడమే కొత్తగా వచ్చిన చేతికి వీటినీ, వీటితోపాటు నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లిష్ కలిపిరాతనూ ఇచ్చి, సాయంత్రం ఇంటికి రెండు పేజీల హోంవర్క్ పంపుతున్నాం. వేళ్లు నొప్పెట్టి బిడ్డ మారాం చేస్తే 'మొండి' అంటున్నాం. రాత కోసం వేళ్లకు బలం రావాలంటే దానికి దారి వేరే ఉంది, అది మన ఇళ్లలోనే ఉంది. బఠాణీలు ఒలవడం, పూరీపిండి పిసకడం, మట్టితో బొమ్మరిల్లు కట్టి గుజ్జనగూళ్లు వండుకోవడం, ముగ్గుపిండిని రెండు వేళ్ల సందు నుంచి జారవిడవడం, దారానికి పూసలు ఎక్కించడం. ముగ్గుపిండి సన్నగా వదలగలిగిన వేళ్లకు పెన్సిల్ కష్టం కాదు.

ముందు మొదలుపెడితే ముందుంటారు కదా అన్నది మొదట వచ్చే అభ్యంతరం. వినడానికి నిజంలా ఉంటుంది. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సుగేట్ అనే పరిశోధకుడు దీన్నే పరీక్షించాడు. అయిదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్లకు మొదలుపెట్టే బడుల పిల్లలనూ పోల్చి చూస్తే పదకొండేళ్లు వచ్చేసరికి చదివే వేగంలో తేడా లేదు. చదివింది అర్థం చేసుకోవడంలో ఆలస్యంగా మొదలుపెట్టినవారే కాస్త మెరుగ్గా కనిపించారు. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోయిందని అనను. కానీ ఫిన్లాండ్‌లో బడి చదువు ఏడో ఏటనే మొదలవుతుంది, అక్కడి పిల్లలు దానివల్ల వెనకబడిపోలేదు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని చెప్పింది. అంతకు ముందున్న మూడేళ్లు ఆటకు, మాటకు, కథకు, పాటకు అని 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం వివరంగా చెప్పింది. కాగితం మీద దారి సరిగానే ఉంది. ఎల్‌కేజీ, యూకేజీ గదుల్లో మాత్రం ఒకటో తరగతి సిలబస్ నడుస్తోంది. తెలుగుకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. గుణింతాలు, వత్తులు బోలెడున్నా, రాసింది రాసినట్టే చదువుతాం. ఇంగ్లిష్ స్పెల్లింగుల్లా ఒక్కో మాటనూ బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. చెవికి భాష బాగా ఎక్కిన బిడ్డకు ఆరో ఏట అక్షరం ఇస్తే త్వరగానే పట్టుకుంటుంది. ఆ భాష ఎక్కాల్సిన ఏళ్లే ఇప్పుడు రాతలో కరిగిపోతున్నాయి.

మూడేళ్లకే తనంతట తాను దుకాణాల బోర్డులు చదివే పిల్లలు లేరా అంటారు. ఉన్నారు. ఎనిమిది నెలలు దాటగానే నడిచే పిల్లలున్నట్టే. వాళ్లకు అరిసెలు అప్పుడే చేయాలి, పుస్తకాలు మూడో ఏటనే ఇవ్వాలి. నేను ఆలస్యం చేయమనడం లేదు, బిడ్డను చూసి చేయమంటున్నాను.

ఇంకా బరువైన అభ్యంతరం తమకు చదువు లేని తల్లిదండ్రులది. కూలి డబ్బుల్లోంచి ఫీజు కడుతున్నప్పుడు, బిడ్డకు ఏదో వస్తోందనడానికి వాళ్ల కంటికి కనబడే రుజువు నిండిన నోటుపుస్తకం ఒక్కటే. ఆటపాటలకా ఇంత డబ్బు అని వాళ్లు అడిగితే, ఆ ప్రశ్నను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పిల్లలు నిజంగా దెబ్బతింటున్నది ఎక్కడ? నర్సరీలో రాయకపోవడం వల్ల కాదు, మూడో తరగతికి వచ్చినా చిన్న పేరా చదవలేకపోవడం వల్ల. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పథకం పెట్టింది కూడా ఇందుకే. ఒకటి నుంచి మూడు తరగతుల్లో ప్రతి తరగతికీ ఒక టీచరు, బిడ్డ చేతికి చదువుకునే కథల పుస్తకాలు ఉంటే ఆ తల్లిదండ్రుల డబ్బుకు విలువ దక్కుతుంది. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచినప్పుడు నోటుపుస్తకాలు పరిచే బదులు, బిడ్డ చేత ఒక కథ చెప్పించి వినిపించవచ్చు. అక్షరం రాని తల్లికి కూడా ఆ రుజువు తెలుస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా జవాబు చెప్పాల్సిన అభ్యంతరం ఒకటి మిగిలింది. బిడ్డను బట్టే ఆగితే నిజంగా లోపమున్న పిల్లల సంగతేమిటి? ఇది నా వాదనలో బలహీనమైన చోటు కావచ్చు కాబట్టి స్పష్టంగా చెబుతాను. నడకకు 8.2 నెలలు ఒక అంచు అయితే 17.6 నెలలు రెండో అంచు. మొదటి అంచు చూసి తొందరపడకూడదు, రెండో అంచు దాటాక ఆగకూడదు. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా డాక్టరుకు చూపించాల్సిందే. మన ఇళ్లలో సరిగ్గా ఇక్కడే ఓపిక పడుతున్నారు. 'మగపిల్లాడు, మాట ఆలస్యమే', 'వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు' అని సర్దిచెప్పుకుంటున్నారు. కారణం వినికిడి లోపమే అయితే ఆగిన ప్రతి నెలా నష్టమే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందాలు ఎదుగుదలలో ఆలస్యాన్ని కూడా చూస్తాయి, అవసరమైతే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి, అదీ ఉచితంగా. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు ఏం రావాలో బొమ్మలతో ఉంటుంది. ఆ కార్డు టీకాల తేదీలు చూడటానికి మాత్రమే బయటికి వస్తోంది. నర్సరీలో 'అ ఆ'లు రాలేదని ట్యూషన్ పెట్టించే ఇంట్లోనే, రెండున్నరేళ్లకు మాట రాని బిడ్డను ఇంకో ఏడాది చూద్దామనుకుంటే మన ఆత్రం తప్పు చోట ఉన్నట్టే.

భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇళ్లకు మూడేళ్లకే బడి తప్పదన్నది నిజం. వాళ్లకు కావలసింది బిడ్డను భద్రంగా, ప్రేమగా చూసుకునే చోటు. 1975లో ఐసీడీఎస్ కింద మొదలైన అంగన్‌వాడీ అయినా, వీధి చివరి ప్లేస్కూలయినా ఆ పని చేయాలి. అలా చూసుకునే చోట రాతపని కూడా ఉండితీరాలన్న నియమం ఎక్కడా లేదు. జూన్‌లో బిడ్డ చెయ్యి పట్టుకుని బడి మెట్లెక్కే తల్లిదండ్రులు మూడు సంగతులు అడగవచ్చు. రోజుకు ఎన్ని కథలు చెబుతారు, మట్టిలో ఎంతసేపు ఆడనిస్తారు, పెన్సిల్ ఎప్పుడు ఇస్తారు. మూడోదానికి 'పాప గీయడానికి తనంతట తాను తీసుకున్నప్పుడు' అని చెప్పే టీచరు ఎదురైతే, ఆ బడి భవనం చిన్నదైనా, ముందర రంగుల బోర్డు లేకపోయినా, పాపను అక్కడ చేర్చవచ్చు.