మద్యం పోసే చోటికి తుపాకీ ఎందుకు?

నాందేడ్ జిల్లాలో ఎవరికైనా తుపాకీ లైసెన్సు కావాలంటే దరఖాస్తు కలెక్టరు కార్యాలయానికి వెళ్తుంది. అదే జిల్లాలో ఒక హోటల్ యజమాని పర్మిట్ రూమ్ పెట్టి మద్యం అమ్ముకోవాలంటే ఆ ఫైలు కూడా ఎక్సైజ్ శాఖ ద్వారా అదే కార్యాలయానికి చేరుతుంది. నాందేడ్‌లో పోలీసు కమిషనరేట్ లేదు కాబట్టి రెండు అనుమతులూ కలెక్టరు చేతిలోనే ఉంటాయి. ఒక అనుమతి ప్రాణం తీయగల వస్తువుకు, మరొకటి మనిషి నిగ్రహాన్ని సడలించే వస్తువుకు. ఈ రెండూ ఒకే గదిలో కలవకూడదన్న షరతు రెండు కాగితాల మీదా స్పష్టంగా ఉండాలని మనం ఎందుకు అడగకూడదు? ఈ సంపాదకీయం ఆ ఒక్క షరతు గురించే.

"మనం తాగేవాళ్లం కాదు, తుపాకీ పట్టేవాళ్లం కాదు, బార్ల సంగతి మనకెందుకు?" అని మన సంఘాల్లో చాలామంది అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే బార్లలో గ్లాసులు కడిగేది, బల్లలు తుడిచేది, అర్ధరాత్రి దాటాక షట్టరు దించేది ఎవరు? పెద్దింటి పిల్లలు కారు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఈ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పొలం లేని, చదువు మధ్యలో ఆగిన కుర్రవాడికి హోటల్ పని తేలిగ్గా దొరుకుతుంది. నడుముకు పిస్టల్ పెట్టుకుని వచ్చినవాడికి "చాలు సార్, ఇక టైమైపోయింది" అని చెప్పాల్సింది ఆ కుర్రవాడే. కాబట్టి ఇది తాగేవాళ్ల సమస్య మాత్రమే కాదు, పనివాళ్ల ప్రాణాల సమస్య.

నాందేడ్‌కు తుపాకీ చప్పుడు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 5న బిల్డర్ సంజయ్ బియాణీని బైకు మీద వచ్చిన ఇద్దరు ఆయన ఇంటి ముందే పట్టపగలు కాల్చి చంపారు. 2025 నవంబరు చివర్లో ఒక దళిత యువకుణ్ణి కాల్చి, తలపై మోది చంపిన కేసులో అతను ప్రేమించిన వేరే కులపు అమ్మాయి కుటుంబసభ్యులే అరెస్టయ్యారు. ఈ రెండు ఘటనలూ బార్లలో జరగలేదు. అయినా డబ్బు తగాదాకీ కుల పౌరుషానికీ తుపాకీ ఎంత దగ్గరగా ఉందో అవి చూపించాయి. అలాంటి ఊళ్లో మద్యం పోసే గదిలోకి ఆ తుపాకీని రానివ్వడం ఇంకెంత ప్రమాదమో ఆలోచించండి.

మద్యం పోసే గదిలో తుపాకీ ఏం చేస్తుందో దేశమంతా 1999లో చూసింది. ఏప్రిల్ 29 రాత్రి ఢిల్లీ మెహ్రౌలీలోని టామరిండ్ కోర్ట్ రెస్టారెంటులో జెస్సికా లాల్ అనే మోడల్ బార్ కౌంటరు దగ్గర పనిచేస్తోంది. తెల్లవారితే ఏప్రిల్ 30. సమయం దాటిందని, ఇక మద్యం పోయలేమని ఆమె చెప్పింది. హర్యానాకు చెందిన ఒక రాజకీయ నాయకుడి కొడుకు మను శర్మ పిస్టల్ తీసి ముందు పైకప్పు వైపు, తర్వాత ఆమె తలకు కాల్చాడు. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు నిందితులను వదిలేసింది. జనం వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అతనికి జీవిత ఖైదు వేసింది, 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఆ కేసులో మనం గమనించని ఒక సంగతి ఉంది. మను శర్మ పేరు మీద .22 పిస్టల్‌కు లైసెన్సు ఉంది. అంటే ప్రభుత్వం అతని దరఖాస్తు చూసింది, తగినవాడని నమ్మింది, సంతకం పెట్టింది. ఆ సంతకం పడిన రోజున అతను పగటి వెలుతురులో, నిగ్రహంతో ఉన్న మనిషి. అర్ధరాత్రి రెండు గంటలకు కౌంటరు ముందు నిలబడిన మనిషిని ఏ అధికారీ పరీక్షించలేదు. పరీక్షించడం సాధ్యం కూడా కాదు. లైసెన్సు మనిషిని చూసి ఇస్తారు. ఆ మనిషి ఏ స్థితిలో, ఏ చోటికి దాన్ని తీసుకెళ్తాడో చెప్పాల్సింది షరతులే.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటిది జరిగింది. 2025 ఫిబ్రవరి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలోని ప్రిజమ్ పబ్‌లో ఒక పాత నేరస్థుణ్ణి పట్టుకోవడానికి పోలీసులు వెళ్తే అతను కాల్పులు జరిపాడు. ఒక హెడ్ కానిస్టేబుల్ కాలికి తూటా తగిలింది, పబ్‌లో పనిచేసే బౌన్సరు కూడా గాయపడ్డాడు. ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ తూటాకు ఎదురైంది తాగడానికి వచ్చినవాళ్లు కాదు, అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లు.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో తుపాకీ కలిగి ఉండడం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. రాజ్యాంగం 19వ అధికరణం మనకు సమావేశమయ్యే స్వేచ్ఛ ఇస్తూనే, అది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా జరగాలని షరతు పెట్టింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పెళ్లిళ్లలో, వేడుకల్లో సరదాకు కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడేలా చేసింది. జాతరలకు, మత ఊరేగింపులకు, బహిరంగ సభలకు, విద్యాసంస్థల ఆవరణలకు తుపాకీ తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లో చాలాకాలంగా ఉంది. ఆ వరుసలో మద్యం అమ్మే చోటును కూడా పేరు పెట్టి చేర్చాలి. బడి దగ్గర కూడదన్నది బార్ దగ్గర ఎలా తగుతుంది?

తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేస్తే భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ కింద పడే శిక్ష 24 గంటల జైలు, వెయ్యి రూపాయల జరిమానా, లేదా సమాజ సేవ. ఖాళీ చేతులతో తూలేవాడికి అది సరిపోవచ్చు. నడుముకు పిస్టల్ ఉన్నవాడి విషయంలో మాత్రం అల్లరి మొదలయ్యేదాకా ఆగలేం. కాల్చిన తర్వాత వేసే శిక్ష ఎంత పెద్దదైనా పోయిన ప్రాణాన్ని తేలేదు. అందుకే గుమ్మం దగ్గరే ఆపే నియమం కావాలి.

కొందరు మధ్యేమార్గం చెబుతారు. తుపాకీ తెచ్చుకోనివ్వండి, తెచ్చినవాణ్ణి తాగనివ్వకండి అంటారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2010లో ఇలాంటి చట్టమే తెచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్లు మద్యం అమ్మే రెస్టారెంట్లలోకి తుపాకీ దాచుకుని వెళ్లవచ్చు, కానీ తాగకూడదు. వినడానికి బాగానే ఉంది. అయితే చొక్కా కింద దాచిన తుపాకీ వెయిటరుకు ఎలా కనిపిస్తుంది? కనిపించనప్పుడు ఎవరికి పోయాలో, ఎవరికి పోయకూడదో అతనికి ఎలా తెలుస్తుంది? నియమం పాటించే బాధ్యతంతా తాగుతున్నవాడి మనస్సాక్షికే వదిలేసినట్టు అవుతుంది.

అమెరికా పేరు వినగానే మనకు 2017 ఫిబ్రవరి 22 గుర్తొస్తుంది. కాన్సస్ రాష్ట్రం ఒలేతా పట్టణంలో ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌లో పని ముగించుకుని మిత్రుడితో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. మిత్రుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికా యువకుడికి కూడా తూటా తగిలింది. విదేశీయులంటూ ముందు వాళ్లను దూషించిన ఆ మనిషిని బయటికి పంపేశారు. వెళ్లినవాడు తుపాకీతో తిరిగొచ్చాడు. అతనికి 2018లో జీవిత ఖైదు పడింది. కాన్సస్‌లో 2015 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు దాచిన తుపాకీ వెంట తిప్పుకోవడానికి అనుమతి పత్రం కూడా అక్కర్లేదు. బార్ గుమ్మానికి నియమం ఉన్నా ఆ రోజు అతణ్ణి ఆపేదని మనం చెప్పలేం. చెప్పగలిగింది ఒకటుంది. తుపాకీ తేలిగ్గా చేతికందే చోట కోపం చల్లారడానికి వ్యవధి ఉండదు.

ఇక ఎదురు ప్రశ్నలు. నాందేడ్‌లో నేరాలు చేసేది నాటు తుపాకులతో కదా, లైసెన్సు ఉన్నవాళ్లకు షరతు పెడితే ఏం లాభం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు బల్ల మీద పిస్టల్ కనిపిస్తే అది లైసెన్సుదో కాదో వెయిటరుకు తెలియదు, అడిగే ధైర్యమూ ఉండదు. ఆ గదిలో ఏ తుపాకీ ఉండకూడదన్న నియమం ఉంటే ఆ ప్రశ్నే రాదు. కనిపించిన వెంటనే 112కు ఫోన్ చేయవచ్చు. లైసెన్సుదైతే లైసెన్సు పోతుంది, దొంగదైతే మనిషి దొరుకుతాడు.

డబ్బు కోసం బెదిరింపులు ఎదుర్కొనే వ్యాపారులకు రక్షణ వద్దా అన్నది రెండో ప్రశ్న. వాళ్ల భయం నిజమైనదే, దాన్ని తేలిక చేయం. కానీ ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను స్టేషన్లో జమ చేయిస్తున్నారు, వాళ్లు జమ చేస్తూనే ఉన్నారు. వారాల పాటు చేయగలిగింది ఒక సాయంత్రం చేయలేరా? ప్రాణభయం ఉన్నవాడు తుపాకీ పక్కన పెట్టుకుని తాగితే ఆ తుపాకీ అతన్ని కాపాడదు, ఎదుటివాడి చేతికి చిక్కుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నాందేడ్ సిక్కు సోదరుల పవిత్ర క్షేత్రం. కృపాణం ధరించడం వారి విశ్వాసంలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణమే చెప్పింది. తుపాకుల గురించి మాట్లాడుతూ వారివైపు వేలు చూపడం అన్యాయం. అలాగే గుమ్మం దగ్గర తనిఖీ అంటే దళిత కుర్రవాణ్ణీ ముస్లిం కుర్రవాణ్ణీ ఆపి, తెల్లని కారులో దిగినవాడికి సలాం కొట్టడం కాకూడదు. నియమం ఎమ్మెల్యే కొడుక్కీ ఆటో డ్రైవరుకీ ఒకటే అయితేనే అది న్యాయం. డ్యూటీలో ఉన్న పోలీసుకు తప్ప ఎవరికీ మినహాయింపు ఉండకూడదు.

మన విశ్వాసానికి ఇందులో ఏం పని అంటారా? ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని దేవుడు హెచ్చరించాడు. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే అలవాటున్న ఎద్దును ఎరిగి కూడా కట్టివేయని యజమానిని దోషిగా ఎంచాడు. చేతులారా చంపడమే పాపం కాదు. ప్రమాదం తెలిసీ అడ్డుకట్ట వేయకపోవడం కూడా దోషమే. అబ్షాలోము తన అన్న అమ్నోనును చంపించడానికి ఎంచుకున్న సమయం విందులో అతను ద్రాక్షారసంతో ఉల్లాసంగా ఉన్న వేళ అని రెండవ సమూయేలు చెబుతుంది. మద్యం దగ్గర ఆయుధం ఏం చేస్తుందో మన గ్రంథానికి ఎప్పుడో తెలుసు.

కాబట్టి అడుగుదాం. మొదట, నాందేడ్ కలెక్టరుకు వినతిపత్రం ఇద్దాం. తుపాకీ లైసెన్సు ఇచ్చేటప్పుడూ కొత్తది చేసేటప్పుడూ ఈ షరతు రాయాలని, పర్మిట్ రూమ్ లైసెన్సు ఏటా పునరుద్ధరించేటప్పుడు గుమ్మం దగ్గర మరాఠీలోనూ తెలుగులోనూ బోర్డు పెట్టించాలని కోరుదాం. మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద ఆయుధాలు వెంట తిప్పకుండా ఉత్తర్వులు ఇచ్చే అధికారం ఇప్పటికే ఉంది. సర్పంచ్ సంతోష్ దేశ్‌ముఖ్ హత్య తర్వాత 2025లో బీడ్ జిల్లాలో వందకు పైగా తుపాకీ లైసెన్సులు రద్దు చేశారు. అంటే తలుచుకుంటే అవుతుంది. మహారాష్ట్రలో వార్డు మహిళలు తగినంత మంది "ఆడ్వీ బాట్లీ"కి ఓటేస్తే మద్యం దుకాణమే మూతపడుతుంది. దుకాణం మూయించగల ఆడవాళ్లు దాని గుమ్మానికి ఒక బోర్డు పెట్టించలేరా?

రెండోది, సమాచారం ఇచ్చిన పనివాడి ఉద్యోగం పోకుండా చూడాలి. బార్‌లో పనిచేస్తున్నాడని సంఘంలో చిన్నచూపు చూసే బదులు అతని పక్కన కూర్చుని, రాత్రి ఎలా గడిచిందని అడగండి. మనకు నిజమైన సమాచారం అతని దగ్గరే ఉంది.

మూడోది యువతకు. పుట్టినరోజు కేకును తల్వారుతో కోయడం, పిస్టల్ పట్టుకుని రీల్ చేయడం మన ప్రాంతంలో ఫ్యాషనైంది. అలాంటి రీల్ మీ ఫోనుకు వస్తే లైక్ కొట్టకండి, ముందుకు పంపకండి. అది పంపిన స్నేహితుడితో నేరుగా మాట్లాడండి.

వినతిపత్రం మీద సంతకాలు వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మొదలుపెట్టవచ్చు. పొరుగున ఉన్న గురుద్వారా, మసీదు, బుద్ధవిహారం, గుడి పెద్దలను కూడా అడగండి. బార్‌లో రాత్రి డ్యూటీ చేసే కొడుకు కోసం తలుపు తీసి ఎదురుచూసే తల్లి ఏ మతంలోనైనా ఉంటుంది.